సున్నం కింద నీడ

నాకు చెప్పకుండా మా దర్జీ దుకాణం గోడకు సున్నం కొట్టించడం నమ్మకద్రోహం.

పోయినవాళ్ల నీడ వాళ్లు పనిచేసిన చోటే గోడ మీద నిలుస్తుందనీ, వాళ్లు కూర్చున్న చోటు ఖాళీగా ఉన్నంతకాలం కదలదనీ మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే నాన్న పోయాక కుట్టుమిషను ముందు ఆయన స్టూలు మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. నేను బల్ల చుట్టూ తిరుగుతూ, నిలబడి చేత్తోనే కుట్టాను. కాళ్లు వాచినా, గోడ మీద ఆ వంగిన వీపు కనబడితే చాలనుకున్నాను.

ఈ పొద్దున వచ్చేసరికి గోడ తెల్లగా ఉంది. అన్న చొక్కా పట్టుకుని నిలదీశాను.

"నా మీద పడతావేంటే? అడిగింది నాన్నే. 'తిరుగుతూ కుట్టేది కందిరీగ, దర్జీ అయితే కూర్చుని కుడతాడు. సున్నం కొట్టించి చెల్లికి నా స్టూలు ఇప్పించరా' అన్నాడు."

ఇన్నాళ్లూ నాతో ఒక్క మాటైనా అనని నీడ వాడితో మాట్లాడింది.

కాబట్టి ఈ కార్డు నీకే రాస్తున్నా నాన్నా. గోడకే అంటిస్తున్నాను. ఆ మాటేదో నా మొహం మీద చెప్పు. శనివారం పొద్దుగూకేలోపు సున్నం చీల్చుకుని రా.

రాకపోతే సోమవారం ఆ స్టూలు కాళ్లు నా ఎత్తుకు కోయించుకుని నేనే కూర్చుంటాను.