ఇత్తడి అతుకు

ఫిల్మ్‌నగర్ దిగుడులో ఆదాము సైకిలు మళ్లీ విరిగింది.

ముందు చక్రం ఒకవైపు, మనిషి ఒకవైపు.

లేచి, ప్యాంటు దులుపుకొని ఫ్రేము చూశాడు. హ్యాండిలు కింద, అతుకు పక్కనే పైపు విడిపోయింది. పోయిన నెలలోనూ అక్కడే.

ఆదాము సినిమా సెట్లకు వెల్డింగు చేస్తాడు. తెనాలి నుంచి వచ్చి కృష్ణానగర్‌లో గది తీసుకున్నాడు. అప్పటికింకా జూబ్లీహిల్స్‌లో ఇళ్లకన్నా బండలే ఎక్కువ. కొట్లో అమ్మే బరువు సైకిళ్లతో ఈ గుట్టలు ఎక్కలేమని, సన్నపైపులు తెచ్చి తేలికపాటి సైకిళ్లు తనే కట్టాడు. తనకొకటి. గ్రూపు డాన్సులు చేసే లీలాకుమారికి ఎర్రరంగుది, వంపు హ్యాండిలుతో. డబ్బింగు థియేటర్లో పనిచేసే అచ్యుతానికి పొడుగు సీటుది.

ఆదివారం పొద్దున ముగ్గురూ చెక్‌పోస్టు మీదుగా ఎక్కి, బండల దగ్గర టీ తాగి, గాలికి దిగిపోయేవారు. వారమంతా ఎవరో ఒకరి కేకలు పడే ముగ్గురికీ ఆ రెండు గంటలే సొంతం.

"బాబూ, గిది నువ్వే చేసినవా?"

ఎవరో ముసలాయన. ఉతికిన తెల్లచొక్కా. విరిగినచోట బొటనవేలితో తడుముతున్నాడు.

ఆదాముకు చిరాకేసింది. ఫిల్మ్‌నగర్లో తెల్లచొక్కా వేసుకొచ్చి మాట కలిపేవాళ్లంతా చివరికి అడిగేది ఒకటే.

"నేనే. ఫొటోలు తెచ్చావా?"

"ఏం ఫొటోలు?"

"వేషం కోసం కాదూ? మేమే అడుక్కునేవాళ్లం పెద్దాయనా. ఆఫీసుల చుట్టూ తిరుగు."

పక్కనే సైకిలు ఆపిన అచ్యుతం నవ్వాడు. "తాత పాత్రలకు గిరాకీ బాగానే ఉందిలే."

ముసలాయన విరిగినచోట ఇంకోసారి తడిమి వెళ్లిపోయాడు.

తరువాతి ఆదివారం మళ్లీ వచ్చాడు. సరాసరి లీలాకుమారి సైకిలు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"కరెంటు వెల్డింగు సన్నపైపును కాలుస్తది బిడ్డా. ఇత్తడి కరిగించి పొయ్యాలె. ఎర్రగడ్డల ఉంటా. జర ఇంటిదాక వస్తే చూపిస్త."

"ఇత్తడితో బిందెలు చేస్తారు, సైకిళ్లు కాదు" అన్నాడు ఆదాము.

"ఒక్కపారి వచ్చి చూడరాదు."

"వస్తే టీ ఇస్తావు. ఆ పైన డైరెక్టరుగారికి ఒక మాట చెప్పమంటావు. మాకు తెలీనిదా."

"గట్ల అనుకుంటివా" అని ముసలాయన మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"పెద్దమనిషితో అలాగేనా మాట్లాడేది?" అంది లీలాకుమారి.

"పదేళ్లుగా వెల్డింగు చేస్తున్నా. దారినపోయేవాడు నాకు చెప్తాడా?"

ఆ కోపంలోనే గదికెళ్లి, మూడు సైకిళ్ల అతుకులమీదా ఇంకో వరస వెల్డింగు పోశాడు.

మూడో ఆదివారం దిగుడు మధ్యలో లీలాకుమారి సైకిలు రెండు ముక్కలైంది.

మోకాలు చీరుకుపోయింది. మణికట్టు వాచింది.

"రేపటినుంచి పాట ఉంది ఆదామూ. నాలుగు నెలలకు దొరికిన పాట." అంతే అంది.

అచ్యుతం ఆమెను ఆటో ఎక్కించాడు.

"ఇక నీ సైకిళ్లొద్దురా. నీ ఆదివారాలూ వద్దు."

ఆటో మలుపు తిరిగేసరికి ముసలాయన తన సైకిలు తోసుకుంటూ గుట్ట ఎక్కుతున్నాడు. ముక్కలు చూసి ఆగాడు.

"పిల్లకు బాగ తగిలిందా? గిప్పటికన్న నా మాట..."

ఆదాము అతనిమీద విరుచుకుపడ్డాడు.

"నీ చెయ్యి తగిలిందగ్గర్నుంచీ విరుగుతూనే ఉన్నాయి. మళ్లీ ఈ గుట్టమీద కనపడ్డావంటే బాగుండదు."

ముసలాయన సైకిలు తిప్పుకుని దిగిపోయాడు.

నాలుగో ఆదివారం ఎవరూ రాలేదు.

ఆదాము గదిముందు కూర్చున్నాడు. చేతులు ఊరుకోలేదు. తెలిసినవాళ్ల గ్యాసు టార్చి అడిగి తెచ్చి, పగిలిన ఇత్తడి కుళాయి ఒకటి కరిగించి, రెండు పైపు ముక్కలు అతికాడు. సుత్తితో కొట్టాడు.

పైపు వంగింది. అతుకు కదల్లేదు.

ఇంకా గట్టిగా కొట్టాడు. కదల్లేదు.

తప్పెవరిదో తెలిశాక, ఆ కోపం ఎవరిమీద చూపాలో తోచలేదు.

వారంపాటు కూర్చుని లీలాకుమారికి కొత్త ఫ్రేము కట్టాడు. అతుకులు నిలిచాయి గాని చక్రాలు ఒక వరసలోకి రాలేదు. విప్పాడు. మళ్లీ కట్టాడు. మళ్లీ వంకరే. కొలత ఎక్కడ పట్టాలో చెప్పే మనిషి కావాలి. లేకపోతే ఆమె ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు?

ఎర్రగడ్డ వెళ్లి పదిమందిని అడిగాడు. ఇత్తడితో సైకిళ్లు అతికే పెద్దాయన అంటే, "జంగయ్యా?" అన్నారు. పేరు అప్పుడే తెలిసింది.

రేకుల షెడ్డు. గోడల నిండా మసి. లోపల ఒక్క వస్తువు లేదు. పక్కింటి గడపలో శకుంతలమ్మ అనే ఆవిడ చాటలో బియ్యం చెరుగుతోంది.

"జంగయ్యగారు ఉన్నారాండీ?"

"గిప్పుడొస్తివా? బేస్తవారమే బిడ్డ వచ్చి జహీరాబాద్ తోల్కపోయింది."

"మరి సామాను?"

"పాత ఇనుమోళ్లు తూకానికి పట్కపోయిండ్రు. ఫ్రేములు కట్టే అచ్చులు, కొలతలు, నలభై ఏండ్ల సామాను."

"అమ్మేశారా?"

"అమ్మబుద్ధి యాడున్నది ఆయనకు. చూపు ఆనక పని బందు పెట్టిండు. మంచి పనోడు దొరికితే షెడ్డుతోని సహా ఊకెనే ఇస్త అని రెండేండ్లసంది చూసిండు."

"ఎవరూ దొరకలేదాండీ?"

"దొరికిండన్నడు." ఆమె చాట కింద పెట్టింది. "సినిమావాళ్ల గుట్టమీద ఒక పిల్లగాడు, మాట దురుసు గని చెయ్యి మంచిది అని, తాళంచెవి జేబుల ఏసుకొని మూడు ఐతారాలు ఆ గుట్ట ఎక్కిండు బిడ్డా, గా పిల్లగాడు నీకేమన్న ఎర్కనా?"