గోడకిచ్చిన గొంతు

తునిలో కొత్త యాప్‌లన్నిటికీ గవర్రాజే మంత్రసాని. ఏ సర్వీసు పుట్టినా ముందు తాను వాడి, దాని మంచిచెడ్డలు ఫోనులో లోకానికి చెప్పాల్సిందే. లోకంతో అంత మాట్లాడేవాడికి పెళ్లాంతో మాట్లాడే తీరిక ఎక్కడిది? అందుకని తన గొంతుతోనే ఇంట్లోవాళ్లకు బదులిచ్చే 'జోడుగొంతు'ను గోడకు బిగించి, "ఇది లేని ఇల్లు ఇల్లే కాదు" అని మెచ్చుకున్నాడు. ఆ మాట నమ్మి ఊరంతా బిగించుకుంది. ఇప్పుడు ఏ వీధికి వెళ్లినా మగవాళ్లు నోరు మూసుకునే ఉంటారు, గోడలే కబుర్లాడుతుంటాయి.

ఆ మధ్యాహ్నం మంగతాయారు పులుసు దించి, ఎప్పుడూ మొగుడి అరచేతిలో రుచికి చుక్క వేసేదల్లా, ఈసారి గోడవైపు తిరిగింది.

"ఉప్పు సరిపోయిందాండీ?"

"నీ చేతికి తక్కువెప్పుడయింది తాయారూ!" అంది గోడ.

ఆమె సిగ్గుగా నవ్వింది. ఆ నవ్వు చూసి గవర్రాజుకు చాలా ఏళ్లయింది.

"దానికి నాలుకెక్కడుందే? ఇలా వెయ్, నే చెబుతా" అని చెయ్యి చాపాడు.

"అబ్బ, ఉండండి! ఆయన మాట్లాడుతున్నారు కదా."

గవర్రాజు గబగబా ఫోను తీసి సర్వీసు రద్దు చేయమన్నాడు. రద్దుకు ఇల్లాలి ఒప్పుదల కావాలంది ఫోను. గోడ అతని గొంతుతోనే మెత్తగా అడిగింది.

"మా ఇద్దరిలో ఎవర్ని ఉంచుకుంటావు తాయారూ?"

మంగతాయారు మొగుడి మొహం చూసింది, చాపిన చెయ్యి చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ గోడ దగ్గరకు వెళ్లి, గొంతు తగ్గించి అంది.

"మీరేమంటారండీ?"