తాతయ్య ముడి

యుద్ధంలో నది దాటుతుంటే, తాతయ్య నడుముకున్న తాడును గట్టుమీది స్నేహితుడే కోసేసి పారిపోయాడట. రాళ్ళకు కొట్టుకుని తాతయ్య ఒంటికాలితో ఇల్లు చేరాడు. చచ్చేదాకా ఆ మనిషి ఊసెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

తాతయ్య పోయిన ఏడాదికి ఆ ముసలాయన మా గుమ్మంలో దిగాడు.

"మీ తాతకి నామీద కోపం పోనేలేదటగా. తాడు కొయ్యకపోతే నేనూ పోయేవాణ్ణి తల్లీ," అని నవ్వాడు.

"వానలో వెళ్ళగొట్టలేం కదే," అని అమ్మ ముందుగదిలో పక్క వేసింది.

అర్ధరాత్రి మెలకువ వచ్చింది. ఉయ్యాలలో పడుకోబెట్టిన నా చంటిపాప నా పక్కలో ఉంది. ఉయ్యాలకు తాడు లేదు.

ఆ తాడు ముందుగది గడియకు బయటి నుంచి బిగించి ఉంది. నా చదువు ఆగిపోయినప్పుడు, "ఈ విద్యైనా నేర్చుకోవే పిల్లా," అని తాతయ్య నాకొక్కదానికే నేర్పిన ముడి అది.

"అమ్మాయ్, తలుపు తియ్యి," లోపల నుంచి ముసలాయన తలుపు బాదాడు. "గదిలో ఎవరో ఉన్నారు."

లోపల ఒక అడుగు చప్పుడైంది. రెండో కాలు పడలేదు. మళ్ళీ అదే కాలి అడుగు.

కుడి కొస లాగితే చాలు, ఆ ముడి విడిపోతుంది. నేను రెండు చేతులతో పాపను పట్టుకుని నిలబడ్డాను.