బైరాగి దిబ్బలో నంది

"అమ్మా, ఆ మూల తవ్వకండి."

సుప్రియకి ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఈ ముసలాయనేనా! పొద్దున్నుంచి ఇది మూడోసారి.

కొవ్వూరుకి కూతవేటు దూరంలో ఉంది బైరాగి దిబ్బ. దాని కింద ఉన్నది శివాలయమని ఒక వర్గం, కాదు బౌద్ధుల ఆరామమని ఇంకో వర్గం. తవ్వి తేల్చమంది కోర్టు. ఆ పని మీద పురావస్తు శాఖ నుంచి వచ్చిన సుప్రియకి ఇంకా నాలుగే రోజులు మిగిలాయి. అటువాళ్లు కొబ్బరిబొండాలు తెస్తారు, ఇటువాళ్లు భోజనానికి పిలుస్తారు. ఆవిడ ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టుకోదు. అంత నిక్కచ్చి మనిషి మరి!

"మీరే వర్గమండీ?"

"ఏ వర్గమూ కాదమ్మా. నేను..."

"మరి ఇక్కడ మీకేం పని?"

"అది పాత మట్టి కాదమ్మా. ఒక్క మాట వినండి..."

"ఒక్క మాటా వద్దు, అర మాటా వద్దు. వెళ్లండి!"

ఆయన వెళ్లలేదు. చెప్పులు విడిచి గుంట పక్కనే చతికిలబడ్డాడు.

సుప్రియ కాగితం తీసి చరచరా రాసేసింది. 'ఇతను ఒక వర్గం మనిషి. తవ్వకానికి అడ్డుపడుతున్నాడు.' కింద సంతకం పెట్టి, కాపలా ఉన్న కానిస్టేబుల్ రమేష్ బాబుకిచ్చింది. ఆయన్ని జీపెక్కించారు.

మధ్యాహ్నానికి అదే మూలలో, ఆరడుగుల లోతున, రాతి నంది!

అంత లోతున ఉందంటే వందల ఏళ్ల నాటిదే. పనివాళ్లలో ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. సాయంత్రానికి ఒక వీధిలో ఫ్లెక్సీలు లేచాయి, ఇంకో వీధిలో టైర్లు కాలాయి.

మర్నాడు రమేష్ బాబు సెల్యూట్ కొట్టాడు. "మేడం, ఆ ముసలాయన మీద బైండోవర్ కేసు కట్టేశామండి. వర్గం మనిషని మీ సంతకంతోనే ఉందిగా! ఇంకా స్టేషన్లోనే ఉన్నాడు."

"మంచి పని చేశారు" అంటూ సుప్రియ నంది కింద మట్టి గీకింది.

రూపాయి బిళ్ల తగిలింది. 1985.

సుప్రియ గీకడం ఆపేసింది. తవ్విన గుంట పూడ్చేముందు అడుగున ఆ ఏటి నాణెం వేయడం ఈ పనిలో ఉన్నవాళ్ల అలవాటు. తర్వాత తవ్వేవాళ్లకి అది ముందే కెలికిన చోటని తెలియాలిగా! అంటే నంది ఎక్కడిదో, పూడ్చిన మట్టితో వచ్చి పడింది. అది అటూ సాక్ష్యం కాదు, ఇటూ కాదు.

పరుగున వెళ్లి పై ఆఫీసరు శివరామకృష్ణ గారికి ఫోన్ చేసింది. ఆయన పాతవాళ్లని అడిగి గంట తర్వాత పలికారు.

"నిజమేనమ్మా, అప్పుడు తవ్వారు. కాగితాలన్నీ ఎనభై ఆరు వరదలో కొట్టుకుపోయాయట. ఆ గుంటలో ఏం దొరికిందో చెప్పగలిగినవాడు, అప్పటి తవ్వకం మేస్త్రి జీవరాజు ఒక్కడే మిగిలాడు. ఏ వర్గంతోనూ సంబంధం లేని మనిషి. కోర్టు నమ్మితే ఆయన్నే నమ్మాలి."

"ఆయన... ఎక్కడుంటారు సార్?"

"అదేంటమ్మా, నిన్న పొద్దున్నే నీ దగ్గరికని బయల్దేరాడట, ఇంకా ఇల్లు చేరలేదంటున్నారు, ఏం చెప్పాడేంటి?"