గాజులాయన పెట్టెలో పాటలు

"ఒక మనిషి దగ్గరుండే క్యాసెట్లు చూపియ్యండప్పా, వాడెట్లాంటోడో నేను చెప్తా."

టీ హోటల్లో కూర్చొని జయరాం ఈ మాట అనని రోజు లేదు.

కళ్యాణదుర్గం దగ్గరి ఆ ఊళ్లో అందరికంటే ముందు టేప్‌రికార్డరు కొన్నది అతనే. ఇంట్లో అటక నిండా క్యాసెట్లు. భజనలు వినేవాణ్ణి నమ్మొద్దని, విషాద గీతాలు వినేవాడు పెళ్లాం చేత తిట్లు తింటాడని తీర్పులు చెప్పేవాడు. జనం నవ్వేవాళ్లు. అతనికి మాత్రం తన తీర్పు మీద గట్టి నమ్మకం.

ఆ ఏడు కూడా వేరుశనగ చేలోనే మాడిపోయింది. బావిలో పూడిక తీస్తూ జయరాం కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇల్లు గడవాలి కదా! భార్య సరళ పక్కూరి తిప్పమ్మతో కలిసి బెంగళూరికి కూలిపనికి వెళ్లింది.

నాలుగేళ్ల హేమ తండ్రి దగ్గర ఉండిపోయింది. పొద్దుగూకితే చాలు, అమ్మ కావాలని ఒకటే ఏడుపు. అటక మీది క్యాసెట్లన్నీ మార్చి మార్చి పెట్టినా ఆ పిల్ల ఊరుకునేది కాదు.

ఒక ఉదయం సైకిలుకు గాజుల పెట్టె కట్టుకున్న ముసలాయన ఒకడు హోటల్ ముందు దిగాడు.

"ఈ ఊర్లో సరళ ఇల్లు యాడప్పా?" అన్నాడు, అవతలి చేనులో ఉన్నవాణ్ణి పిలిచినంత గట్టిగా.

జయరాం గ్లాసు కింద పెట్టాడు.

"సరళతో నీకేం పని?"

"ఒక సామాను ఉండాది. ఇంట్లోనే ఇయ్యమనింది."

ముసలాయన వంగి పెట్టె తాడు విప్పాడు. గాజుల కింద అరలో చిన్న టేప్‌రికార్డరు, దాని పక్కన వరసగా క్యాసెట్లు. హోటల్ గోవిందప్ప తొంగి చూసి, వాటి మీది పేర్లు పైకి చదివాడు.

"తిమ్మక్క. సిద్దమ్మ. తిప్పమ్మ... ఏమప్పా జయరాం, అన్నీ ఆడోళ్ళ పేర్లే! చెప్పు మరి, ఈయన ఎట్లాంటోడు?"

అందరూ పకపకా నవ్వారు.

చివరి క్యాసెట్ మీద సరళ అని రాసి ఉంది. ఆ పేరు చదివాక గోవిందప్ప కూడా నవ్వలేదు.

"ఏందిరా ఇవి?" జయరాం అరిచాడు.

ముసలాయన తల ఎత్తలేదు. టేప్‌రికార్డరు బయటికి తీసే పనిలో ఉన్నాడు.

"నిన్నేరా! నా పెండ్లాం పేరు నీ పెట్టెలో ఎందుకుండాది?"

అప్పుడూ పలకలేదు. తప్పు చేసినవాడే ఇట్లా నోరు మూసుకుంటాడని జయరాం తీర్మానించేశాడు. కుంటుకుంటూ పోయి, చొక్కా పట్టి లేపి, ఆ ముసలి చెంప మీద ఒక్కటి కొట్టాడు.

ముసలాయన అతని ముఖంలోకి చూశాడు.

"ఒక తూరి పెట్టి వినప్పా. విన్నాక కొట్టు."

వినాలా! పెళ్లాం పరాయివాడికి పాడి ఇచ్చిన పాట నలుగురి ముందు పెట్టుకొని వినాలా! జయరాం ఆ క్యాసెట్‌లోని టేపు బారలు బారలుగా లాగి, మొత్తం టీ పొయ్యిలో పడేశాడు. హోటలంతా నల్లటి పొగ కమ్ముకుంది.

ముసలాయన కళ్లు తుడుచుకొని జయరాం వైపు తిరిగాడు.

"ఆయమ్మకు ఏమని చెప్పల్ల?"

"నీ మొగుడు చచ్చినాడని చెప్పు. పో!"

ఉగాదికి ముందు సరళ ఊరికి వచ్చింది. వ్యానులో, తెల్లగుడ్డ చుట్టి తెచ్చారు. కడుతున్న మేడ మీద ఇటుకలు మోస్తూ కాలుజారి పడిపోయిందట.

దినాలు అయిపోయాక తిప్పమ్మ హేమను ఒళ్లో కూర్చోబెట్టుకొని జయరాంను అడిగింది.

"పాపకు ఆ క్యాసెట్ పెడతాండావా అన్నా? ఇంక అదే కదా దానికి అమ్మ."

"ఏ క్యాసెట్?"

"గాజుల చౌడప్ప తెచ్చినాడు కదా! గాజులు కొనేకి బెంగళూరు వచ్చినప్పుడల్లా మేముండే రేకుల షెడ్ల కాడికి వస్తాడు. తల్లుల పాటలు టేపులో పట్టుకొని, ఊరూరా తిరిగి పిల్లోళ్ళకు పెడతాడు. నా కొడుకు నా పాట లేంది పడుకోడంట."

తిప్పమ్మ హేమ తల నిమిరింది.

"ఆయన తిరిగొచ్చి, పాప వినిందమ్మా, వింటా వింటానే నిద్రపోయింది అని సరళకు చెప్పినాడు. ఆ పొద్దు ఆయమ్మ కడుపునిండా అన్నం తినింది."

"వినలేదు తిప్పమ్మా." అన్నాడు జయరాం. "నేను కాల్చేసినా."

తిప్పమ్మ పిల్లను గుండెకు హత్తుకుంది.

ఆ క్యాసెట్‌లోది సరళ సొంతంగా కట్టుకున్న జోలపాట. ఈ ఇంట్లో రోజూ పాడింది. ఆ వేళకు జయరాం అరుగు మీద తన టేప్‌రికార్డరు పెట్టుకొని కూర్చునేవాడు. ఎంత సిగ్గుచేటు! అందులో ఒక్క ముక్క కూడా అతనికి రాదు.

"నువ్వన్నా వినింటావు కదా. రెండు మాటలు చెప్పు, నేర్చుకుంటా."

"యాడ? సిగ్గని మమ్మల్నందర్నీ బయటికి పంపేసింది. ఆయనొక్కని ముందరే పాడింది."

జయరాం గబుక్కున చేతికర్ర అందుకున్నాడు.

"అయితే ఆయనకు గుర్తుంటాది. పోయి కాళ్ళు పట్టుకుంటా. ఎట్లా పాడిందో చెప్పమంటా. యాడుంటాడు ఆయన?"

"పోయి ఏం లాభం అన్నా? ఆయనకు రెండు చెవులూ వినపడవు."

జయరాం చేతిలో కర్ర కింద పడింది.

"మాట్లాడేటోళ్ళ నోరు చూసి అర్థం చేసుకుంటాడు. పాడేటప్పుడు మాత్రం మా మొగం కూడా చూడడు, టేపు తిరిగేదే చూస్తా కూర్చుంటాడు," అంది తిప్పమ్మ. "ఆయనకు వినపడదనే కదన్నా, మేమంతా ఆయన ముందర ఏడ్చుకుంటా పాడింది."