పక్క కుర్చీ

"ముప్పై ఎనిమిదా? అవ్వా, నాతోటి పరాచికాలా!" నర్సు రాస్తున్న పెన్ను ఆపేసింది.

గోరి తన ఆధార్ కార్డు ముందుకు తోసింది. "దాంట్ల రాసే ఉంది, చూడమ్మా."

"మీ తండాల అందరూ జనవరి ఒకటినే పుట్టిండ్రు. గదేం నమ్మాలె?" నర్సు నవ్వి, వయసు గడి ఖాళీగా వదిలేసి రక్తం తీసింది.

చర్ల బడిలో పెట్టిన ఆరోగ్య సర్వే అది. ఒకే ఇంట్లో పుట్టి వేర్వేరు చోట్ల పెరిగినవాళ్లను వెతికి మరీ పిలిచారు. గోరి పొద్దున ఏడింటికే వచ్చి, పక్క కుర్చీలో సంచి పెట్టి కాపలా కాస్తోంది. ఎవరడిగినా ఒకటే మాట, "మా అక్క పుష్ప వస్తది." చిన్నప్పుడు అమ్మ చనిపోయిన ఏడాదే మేనమామ పుష్పను అశ్వారావుపేట తీసుకుపోయాడు. గోరి నాన్న దగ్గరే మిగిలిపోయింది. ఆ తర్వాత రెండిళ్లకూ మాటల్లేవు.

"చిన్నప్పుడు ఇంట్ల కొట్టేటోళ్లా?" నర్సు అడిగింది.

"తాగిననాడు నాయిన కొట్టేటోడు."

"తాగనినాడు?"

"తాగనిరోజే లేదమ్మా."

"ఇప్పుడు దిగులు గిట్ల ఉంటదా?"

గోరికి తెల్లారితే ఎందుకు లేవాలా అని ఏడుపొస్తుంది. ఆ మాట అక్కకే చెప్పుకోవాలి.

"ఈ రక్తంల ఏం చూస్తరు?" అని మాట మార్చింది.

"ఒంట్ల కణాలుంటయ్, వాటిల సన్నటి పోగులు. వాటి కొసలు వయసుతోటి అరుగుతయ్. చిన్నప్పుడు కష్టపడ్డోళ్లకు ఇంకింత జల్దీ అరుగుతయా అని చూస్తున్నరు."

"చీర కొంగు అరిగినట్టా? ముడేస్తే ఆగుతది గదా."

"గట్ల ముడెయ్యరాదు. మనసుల బాధ చెప్పుకునే మనిషుంటే మాత్రం మంచిదే అవ్వా."

"ఉంది. వస్తున్నది."

గేటు ముందు ఆటో ఆగి ఒకామె దిగింది. నల్లని జడ, నున్నని చెంపలు. చూడగానే గోరి పోల్చుకుంది, అచ్చం అమ్మే. గబగబా సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

పుష్ప గదంతా ఆత్రంగా వెతికింది. ఖాళీ కుర్చీ చూసి దగ్గరికొచ్చి, గోరి భుజం మీద మెత్తగా చెయ్యి వేసింది.

"అవ్వా, జర అవతల కూసుంటవా? ఈడ మా చెల్లె కూసోవాలె. కవలపిల్లలం మేము."