ఆకాశానికి సాయం

అడవిలో మనసు బాగోలేనివాళ్ల కోసం ఒక ఆస్పత్రి ఉండేది. అక్కడ ఒక తీతువు పిట్ట వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకెత్తి ఆకాశాన్ని మోస్తుండేది. దించితే కూలిపోతుందని దాని భయం. తిండి కూడా ముట్టేది కాదు.

డాక్టరు కొంగ రోజూ వచ్చి, ఒంటికాలి మీద నిలబడి, ఆకాశం ఎందుకు కూలదో గంటసేపు వివరించేది. విన్నకొద్దీ తీతువు కాళ్లు ఇంకా బిగించేది. కోతి కాంపౌండరు ఆ కాళ్లను కట్టేద్దామంది.

కొత్తగా చేరిన నర్సు గేదె మాత్రం, "కాళ్లు లాగుతున్నాయా, తల్లీ?" అని అడిగింది.

"లాగవూ మరి!" అంది తీతువు.

"నువ్వు నాలుగు గింజలు తిను. అందాకా నేను పట్టుకుంటాను" అంటూ గేదె దబ్బున వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ పైకెత్తింది.

తీతువు అనుమానంగా ఒక కాలు దించింది. కాసేపాగి రెండోదీ దించి, ఆవురావురుమని తింది. తింటూ చూస్తే గేదె ఆయాసపడుతోంది.

"చాల్లే అక్కా, దించెయ్. ఈ పూటకి అదే నిలబడుతుందిలే."

అప్పుడే వచ్చిన కొంగ, "ఇన్నాళ్లూ నేను చెప్పిందీ అదేగా!" అంది.

"చెప్పారు డాక్టరుగారూ" అంది తీతువు. "ఆ మడిచిపెట్టుకున్న కాలు మాత్రం ఒక్కరోజూ సాయం పట్టలేదు."